అట్రోపిన్ ఎంతవరకు ఎక్కించాలి, ఎక్కడ ఆపాలి? పురుగుమందు కేసులు చూసినవాళ్లు చెప్పండి

పల్నాడు_సిస్టర్

అందరికీ నమస్కారం. ఈమధ్యే నన్ను ప్రసూతి వార్డు నుంచి క్యాజువాలిటీకి మార్చారు. మాది మిర్చి, పత్తి పండే ప్రాంతం. మందు కొట్టే రోజులు మొదలైతే పురుగుమందు కేసు లేని నైట్ డ్యూటీ అరుదు. కొందరు పొలంలో ఒంటిమీద పడి వస్తారు, ఎక్కువమంది తాగి వస్తారు.

నా ఇబ్బంది ఏంటంటే, ఈ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఇంజెక్షన్ ఎంతవరకు ఎక్కించాలో ఒక్కో డాక్టర్ ఒక్కోలా చెబుతున్నారు. ఒకరు కంటిపాప పెద్దదయ్యేదాకా ఆపొద్దంటారు. ఇంకొకరు పల్స్ 120 దాటాలంటారు. కొత్తగా వచ్చిన పీజీ డాక్టర్ మాత్రం "కళ్లు, పల్స్ తర్వాత చూద్దాం, ముందు ఛాతీ వినండి సిస్టర్" అంటున్నారు. గోడకు అంటించిన పాత చార్టులో "ప్రతి 15 నిమిషాలకు 2 ఆంప్యూల్స్" అని ఉంది.

మొన్న ఒక పేషెంట్ రెండో రోజు పిచ్చిగా మాట్లాడుతూ సెలైన్ పీకేసుకున్నాడు, జ్వరం 103. విషం ఇంకా దిగలేదని ఒకరు, అట్రోపిన్ ఎక్కువైందని ఇంకొకరు. ఈ రెండింటికీ తేడా మంచం పక్కన నిలబడ్డ నర్సు ఎలా పట్టుకోవాలి? దయచేసి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వేదిక_నిర్వాహకులు

ఈ చర్చ వైద్య సిబ్బందికీ, పొలం పని చేసే కుటుంబాలకూ అవసరమైనది కాబట్టి ఉంచుతున్నాం. ఏ పురుగుమందు ఎంత తాగితే ఏమవుతుందన్న లెక్కలు ఎవరూ రాయొద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్లు, అలాంటివాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఇక్కడి మోతాదులు ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల కోసం. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు.

ఫిజిషియన్_వరంగల్

సిస్టర్, మీ పీజీ డాక్టర్ చెప్పిందే సరైంది. ఎందుకో చెబుతాను, అప్పుడు చార్టు గుర్తుపెట్టుకునే పని ఉండదు.

మన నరాల చివర ఎసిటైల్‌కోలిన్ విడుదలవుతుంది. పని అయ్యాక దాన్ని కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ వెంటనే విరిచేస్తుంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, డైమిథోయేట్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఆ ఎంజైమ్‌ను పట్టేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు, గుండె నెమ్మదించడం, కంటిపాప సూదిమొనంత కావడం అన్నీ దాని వల్లే. ప్రాణం తీసేది మాత్రం ప్రధానంగా ఊపిరి. ఊపిరితిత్తుల్లో నీరు ఊరి, గాలిగొట్టాలు బిగుసుకుని, పైన మెదడులో శ్వాస కేంద్రం మందగించి, కింద కండరాలు చచ్చుబడి మనిషి పోతాడు.

అట్రోపిన్ విషాన్ని విరవదు, ఎంజైమ్‌ను తిరిగి తేదు. గ్రంథులు, గుండె, గాలిగొట్టాల్లో ఎసిటైల్‌కోలిన్ వచ్చి కూర్చునే చోట్ల (మస్కారినిక్ గ్రాహకాలు) తాను కూర్చుని దానికి చోటు లేకుండా చేస్తుంది, అంతే. కాబట్టి మనం చూడాల్సింది ఊపిరితిత్తులు ఆరాయా లేదా అని.

మోతాదు: మన దగ్గర ఆంప్యూల్ 0.6 మి.గ్రా. పెద్దవాళ్లకు మొదట 1.8 నుంచి 3 మి.గ్రా., అంటే 3 నుంచి 5 ఆంప్యూల్స్ ఒకేసారి. 5 నిమిషాలు ఆగి చూడాలి. మార్పు చాలకపోతే రెట్టింపు. మళ్లీ 5 నిమిషాలు, మళ్లీ రెట్టింపు. 3, 6, 12, 24 అని వెళ్తే పావుగంటలో 45 ఆంప్యూల్స్, 27 మి.గ్రా. లోపలికి వెళ్తాయి. కొత్తవాళ్లకు ఈ అంకె భయం వేస్తుంది. కానీ మీ గోడ మీది చార్టు పద్ధతిలో అదే 27 మి.గ్రా. చేరడానికి ఐదు గంటల పైన పడుతుంది. అంతసేపు ఆ మనిషి తన ఊపిరితిత్తుల్లోని నీటిలోనే మునిగి ఉంటాడు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో రెండు పద్ధతులనూ పోల్చి 2012లో ఫలితాలు ప్రచురించారు. పాత పద్ధతిలో 22.5 శాతం మంది చనిపోతే, రెట్టింపు చేస్తూ పోయి ఆపై డ్రిప్‌లో ఇచ్చినవాళ్లలో 8 శాతం. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, కొత్త మందు అక్కర్లేదు. అదే ఆంప్యూల్, ఇచ్చే తీరు మారిందంతే. మన జిల్లాల్లో ఇప్పటికీ పాత చార్టులు గోడల మీద ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆపాల్సిన చోటు ఐదు గుర్తులతో తెలుస్తుంది: ఛాతీలో గురగుర, పిల్లికూతలు పోవాలి. గుండె వేగం 80 దాటాలి. పై బీపీ 80 దాటాలి. చంకలు పొడిగా ఉండాలి. కంటిపాప సూదిమొనలా ఉండకూడదు. మొదటి మూడింటికే పెద్దపీట. కంటిపాప అన్నిటికంటే ఆలస్యంగా స్పందిస్తుంది, దాని కోసం ఎదురుచూస్తే మోతాదు మించిపోతుంది. పల్స్ ముందే 120 ఉందని అట్రోపిన్ ఆపేయడం కూడా పొరపాటే. ఆక్సిజన్ అందకపోయినా, భయంతోనైనా, విషం వల్లే అయినా పల్స్ పెరుగుతుంది.

ఒక జాగ్రత్త. వాంతి ఊపిరితిత్తిలోకి పోయిన పేషెంట్‌కి ఒకవైపు, ముఖ్యంగా కుడి కింది భాగంలో గురగుర మిగిలిపోతుంది. దాన్ని అట్రోపిన్‌తో ఆర్పలేం. రెండువైపులా పైనుంచి కిందిదాకా విని తేడా రాయండి.

పల్నాడు_సిస్టర్

సర్, చాలా స్పష్టంగా ఉంది. ఐదు గుర్తులు వచ్చాక ఏం చేయాలి? ఆ 103 జ్వరం సంగతి కూడా చెప్పండి.

ఫిజిషియన్_వరంగల్

గుర్తులు వచ్చేసరికి మొత్తం ఎంత ఇచ్చామో లెక్కేసి అందులో 10 నుంచి 20 శాతం గంటకు చొప్పున డ్రిప్‌లో పెట్టాలి. పై ఉదాహరణలో 27 మి.గ్రా. కాబట్టి గంటకు 2.7 నుంచి 5.4. అందుకే ఎన్ని ఆంప్యూల్స్ వెళ్లాయన్న లెక్క మీ చేతిలో ఉండాలి. ఆ లెక్క తప్పితే డ్రిప్ మొత్తం తప్పుతుంది.

అట్రోపిన్ ఎక్కువైతే మూడు కలిసి కనిపిస్తాయి. అయోమయం లేదా ఉద్రేకం, జ్వరం, పొట్ట మీద స్టెత్ పెడితే పేగుల చప్పుడు లేకపోవడం. మూత్రం బిగిసిపోవడం వీటికి తోడు. గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడిస్తారు, దుప్పటి పీకుతుంటారు. చర్మం ఎండిపోయి కాలుతూ ఉంటుంది. విషం దిగనివాడైతే చెమటలో తడిసి, ఛాతీ గురగురలాడుతూ, పేగులు గోల చేస్తూ ఉంటాడు. మీరడిగిన తేడాకి చంకలో చెయ్యి, పొట్ట మీద స్టెత్, ఈ రెండే చాలు.

మూడూ కనిపిస్తే డాక్టర్‌కి చెప్పి డ్రిప్ ఆపించాలి. గంటలో చూస్తే చాలామంది నెమ్మదిస్తారు. తర్వాత పాత వేగంలో 70, 80 శాతంతో మళ్లీ మొదలు. పూర్తిగా తీసేసి వదిలేయకూడదు. కొన్ని మందులు కొవ్వులో చేరి రోజుల తర్వాత మళ్లీ రక్తంలోకి వస్తాయి.

మే నెల, ఫ్యాన్ తిరగని వార్డు అయితే ఈ జ్వరం ఇంకా ప్రమాదం. అట్రోపిన్ చెమటను ఆపేస్తుంది, ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. అలాంటి పేషెంట్‌ని ఫ్యాన్ కిందికి మార్చి, తడిగుడ్డతో తుడవాలి. పారాసిటమాల్ మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు.

ఐసీయూ_నర్స్_గుంటూరు

చెల్లీ, డాక్టర్ గారు చెప్పింది ఆచరణలో పెట్టాలంటే చేతుల పని ఎలా సర్దుకోవాలో నేను చెబుతాను.

24 ఆంప్యూల్స్ ఒక్కరే పగలగొట్టి, ఒక్కరే లాగి, ఒక్కరే ఎక్కించడం అయ్యే పని కాదు. ఒకరు పగలగొట్టాలి, ఇంకొకరు సిరంజిలోకి లాగాలి. ఖాళీ ఆంప్యూల్ ఒక్కటి కూడా వెంటనే పారేయకూడదు. కిడ్నీ ట్రేలో పదేసి వరసలుగా పేర్చండి. కాగితం మీద టైమ్, సంఖ్య రాసి, ట్రేలో ఖాళీలు లెక్కపెట్టి, రెండూ సరిపోయాకే షార్ప్స్ డబ్బాలోకి. హడావిడిలో నోటిలెక్క నమ్మొద్దు. గాజు మెడ విరిచేటప్పుడు గాజుగుడ్డ చుట్టి విరవాలి. గ్లవ్స్ తెగితే మార్చాలి, అదే చేత్తో కళ్లు తుడుచుకోవద్దు. అట్రోపిన్ కంట్లో పడితే ఆ కన్ను రోజుల తరబడి మసకే.

ఇంకోటి. పేషెంట్ బట్టలు మొత్తం విప్పి సంచిలో కట్టి, ఒళ్లు, జుట్టు, గోళ్ల సందులు సబ్బుతో కడగాలి. వాంతి పడ్డ చీర అలాగే ఉంచి ఎన్ని ఆంప్యూల్స్ ఎక్కించినా చర్మంలోంచి విషం లోపలికి పోతూనే ఉంటుంది. కడిగేవాళ్లకి గ్లవ్స్, ఏప్రన్ తప్పనిసరి. సాయం చేస్తున్న బంధువులకి కూడా ఇవ్వండి, ఎవరూ వాళ్లని పట్టించుకోరు.

రెండో రోజు నుంచి ప్రతి షిఫ్టులో నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. "అమ్మా, దిండు మీంచి తల ఎత్తి నన్ను చూడు" అంటాను. నిన్న ఎత్తినవాళ్లు ఇవాళ ఎత్తలేకపోతే వెంటనే డాక్టర్‌కి ఫోన్. ఛాతీ బాగుంది, మాట్లాడుతున్నారు, భోజనం అడుగుతున్నారు, అయినా సరే. అట్రోపిన్ కండరాల బలహీనత మీద పనిచేయదు. 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలతో మొదలై శ్వాస ఆగిపోయే స్థితి వస్తుంది. బాగైపోయాడని జనరల్ వార్డుకి మార్చాక ఇలా పోయినవాళ్లు ఉన్నారు. వెంటిలేటర్ ఉన్న చోటికి ముందే పంపితే బతుకుతారు.

రైతుబిడ్డ_ఆదిలాబాద్

నమస్తే. నేను వైద్యం చదువుకున్నవాణ్ణి కాదు. మా నాన్న, అన్న పత్తి చేలో మందు కొడతారు. మా పక్కనే మహారాష్ట్రలోని యవత్మాల్‌లో 2017లో మందు కొట్టిన రైతులు, కూలీలు వందల మంది ఆసుపత్రి పాలైన సంగతి మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. పలువురు చనిపోయారు. పత్తి తలెత్తు పెరిగాక కొడితే మందంతా ముఖం మీదికే వస్తుంది.

మా ఊరి నుంచి పెద్దాసుపత్రికి గంటన్నర. ఈ అట్రోపిన్ ఇంజెక్షన్ ఇంట్లో పెట్టుకోవచ్చా? మా ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర ఉంటుంది, ఒకటి వేసి "పొద్దున చూద్దాం" అంటాడు. అది చాలా?

ఫిజిషియన్_వరంగల్

తమ్ముడూ, చాలదు. ఒక ఆంప్యూల్ 0.6 మి.గ్రా., పైన రాసింది చూశావుగా, మొదటి మోతాదే దానికి మూడు నుంచి ఐదు రెట్లు. ఆ ఒక్కటి వేశాక కాసేపు చొంగ తగ్గినట్టు కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లకి ధైర్యం వస్తుంది, అసలైన గంటలు పోతాయి. లక్షణాలున్న మనిషికి దారిలో ఒక డోసు వేస్తే తప్పు లేదు, కానీ బండి ఆగకూడదు. ఎన్ని వేశారో, ఎన్ని గంటలకు వేశారో చీటీ మీద రాసి పంపమను. అది మాకు ఎంతో ఉపయోగం.

ఇంట్లో మాత్రం వద్దు. విషం తగలని మనిషికి అట్రోపిన్ వేస్తే అదే విషం. ముందే వేసుకుని మందు కొట్టడానికి వెళ్తే ఇంకా ప్రమాదం. చెమట పట్టదు, ఎండలో ఒళ్లు కాలిపోతుంది, మొదటి హెచ్చరిక లక్షణాలు కూడా కప్పబడిపోతాయి.

మీరు చేయాల్సింది: 108కి ఫోన్. బట్టలు విప్పి సబ్బునీళ్లతో కడగడం. స్పృహ తప్పితే ఎడమపక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టడం. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే అట్రోపిన్ కూడా ఏమీ చేయలేదు. డబ్బా వెంట తేవాలి.

వ్యవసాయాధికారి_ఖమ్మం

డబ్బా అన్న మాట పట్టుకుని నేను కొంచెం చెబుతాను, ఎందుకంటే మా శాఖకీ మీ శాఖకీ మధ్య తెగిపోయే చోటు అదే.

మన దేశంలో పురుగుమందు డబ్బా మీద నిలబెట్టిన చదరం ఉంటుంది, కింది సగంలో రంగు. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. అదే లేబుల్ మీద లోపలి మందు పేరు, విరుగుడు ఏమిటో కూడా రాసి ఉంటుంది. చాలామంది కంపెనీ పెట్టిన పేరు మాత్రమే చెబుతారు. ఒకే రకం పేర్లతో వేర్వేరు మందులు వస్తాయి, రెండు మందులు కలిపినవీ ఉంటాయి. క్లోర్‌పైరిఫాస్, సైపర్‌మెత్రిన్ కలిపిన డబ్బా మా జిల్లాలో ప్రతి దుకాణంలో దొరుకుతుంది. డబ్బా తేలేకపోతే లేబుల్‌కి రెండువైపులా ఫోటో తీసి పంపండి.

ఇది ఎందుకంత ముఖ్యం అంటే, ప్రతి "మందు"కీ అట్రోపిన్ విరుగుడు కాదు. మావాళ్లు గడ్డిమందునీ పురుగులమందే అంటారు. పారాక్వాట్ గడ్డిమందుకి అట్రోపిన్ ఏ పనీ చేయదు. దానికి చికిత్స దారే వేరు, ఆక్సిజన్ ఇవ్వడంలో కూడా పొదుపు పాటిస్తారని డాక్టర్లు చెప్పగా విన్నాను. తప్పైతే సరిదిద్దండి.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఆదేశం వచ్చింది. అయినా వంగ, బెండ మీద కొట్టేవాళ్లని నేను కళ్లారా చూస్తున్నాను. దుకాణదారుడు ఏది ఇస్తే అది కొట్టేవాడిని తప్పుపట్టలేం. అమ్మేవాడిని నిలదీయాలి.

ఫిజిషియన్_వరంగల్

సర్ చెప్పింది నిజం. పారాక్వాట్‌లో ఆక్సిజన్ స్థాయి బాగా పడిపోతే తప్ప ఇవ్వం, ఆక్సిజన్ ఆ విషానికి తోడై ఊపిరితిత్తిని ఇంకా పాడుచేస్తుంది. కార్బోఫ్యూరాన్ లాంటి కార్బమేట్ రకం పురుగుమందుల లక్షణాలు ఆర్గానోఫాస్ఫరస్ లాగే కనిపిస్తాయి, అట్రోపిన్ వాటికి పనిచేస్తుంది, సాధారణంగా త్వరగా కోలుకుంటారు.

ఏ మందో తెలియకపోతే లక్షణాలే దారి. చెమట, చొంగ, చిన్న కంటిపాప, నెమ్మది గుండె ఉంటే అట్రోపిన్ మొదలుపెట్టండి. కోలినెస్టరేజ్ రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగొద్దు.

ఫార్మసిస్ట్_కర్నూలు

ఆసుపత్రి స్టోర్ చూసుకునేవాడిగా ఒక బాధ చెప్పుకోవాలి. పై లెక్క ప్రకారం ఒక్క తీవ్రమైన కేసుకి మొదటి పావుగంటలో 45, ఆపై గంటకు 5 నుంచి 9 ఆంప్యూల్స్. ఒక రోజు తిరిగేసరికి ఒక్క మనిషికి 150 నుంచి 250. ఇండెంట్లు (మందులు కావాలని పంపే లెక్కలు) మాత్రం ఏడాది సగటు చూసి పెడతారు. జూలై నుంచి అక్టోబర్ దాకా ఖర్చయ్యేది వేరు, ఫిబ్రవరిలో ఖర్చయ్యేది వేరు. నేను పనిచేసిన ఒకచోట ఆదివారం రాత్రి స్టాక్ అయిపోయి పేషెంట్ బంధువులు చీటీ పట్టుకుని ఊరంతా తిరిగారు. ఆ చీటీ మీద రాసింది చాలా చవకైన మందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. అందుకే ఖరీఫ్‌కి ముందే ఇండెంట్ పెంచమని ప్రతి సూపరింటెండెంట్‌నీ అడుగుతాను. సిస్టర్లు కూడా గట్టిగా అడగండి.

నిల్వ విషయం. లేబుల్ మీది ఉష్ణోగ్రత దాటకుండా, వెలుతురు తగలకుండా అట్టపెట్టెలోనే ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు. రేకుల షెడ్డు స్టోర్‌లో పైవరసలో పెట్టొద్దు, ఎండాకాలం అక్కడి వేడి చెయ్యి పెడితేనే తెలుస్తుంది. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డది ముందు వాడాలి. రంగు మారినా, నలుసులు కనిపించినా పక్కన పెట్టేయాలి.

అట్రోపిన్, అడ్రినలిన్ రెండూ 1 మి.లీ. చిన్న ఆంప్యూల్సే. పేర్లూ ఒకే అక్షరంతో మొదలు. ఎమర్జెన్సీ ట్రేలో పక్కపక్కన పెట్టొద్దు. వేరే అరలు, పెద్ద అక్షరాల చీటీలు, పగలగొట్టేముందు పైకి చదవడం. అర్ధరాత్రి మసక వెలుతురులో ఈ మూడే కాపాడతాయి.

కంటి చుక్కల గురించి కూడా ఒక మాట. 1 శాతం అట్రోపిన్ చుక్క ఒక్కటి సుమారు 0.5 మి.గ్రా., అంటే దాదాపు ఒక ఇంజెక్షన్ ఆంప్యూల్‌తో సమానం. 5 మి.లీ. సీసాలో 50 మి.గ్రా. ఉంటుంది. చంటిపిల్లాడు ఆ సీసా మూత తీసి చప్పరిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఫ్రిజ్ తలుపులో, టీవీ పక్కన పెట్టేవాళ్లు దయచేసి ఇప్పుడే లేచి పై అరలోకి మార్చండి.

సింగపూర్_తెలుగమ్మ

ఈ చివరి మాట చదివి లేచి మార్చేశాను. మా బాబు మూడో తరగతి, దూరపు చూపు మసక, ఏటా అద్దాల పవర్ పెరుగుతోంది. ఇక్కడి కంటి డాక్టర్ 0.01 శాతం అట్రోపిన్ రోజూ రాత్రి ఒక చుక్క వేయమన్నారు. మా అత్తయ్య నిజామాబాద్ నుంచి ఫోన్ చేసి "పురుగుల మందు తాగినోళ్లకిచ్చే ఇంజెక్షన్ పసివాడి కళ్లల్లో వేస్తారా" అని ఒకటే ఏడుపు. ఆవిడకి ఎలా చెప్పాలి?

కంటిపరీక్ష_హైదరాబాద్

అత్తయ్య గారికి ఇలా చెప్పండి. మందు అదే, కానీ మీ బాబు చుక్కలో ఉన్నది 1 శాతం చుక్కలో నూరో వంతు. చీకటిపడ్డాక వేసే ఆ ఒక్క చుక్కతో పొద్దున బడికి వెళ్లేసరికి చదువుకి అడ్డం రాదు సాధారణంగా.

అట్రోపిన్ చుక్కలతో అద్దాల పవర్ పెరగడం నెమ్మదిస్తుందన్న ఆలోచనకి బలమైన ఆధారం మీరుంటున్న సింగపూర్‌లోనే దొరికింది. మొదట 1 శాతం వాడి చూశారు. మయోపియా (దూరపు చూపు మసక) పెరుగుదల తగ్గింది కానీ వెలుతురు భరించలేకపోవడం, దగ్గరి అక్షరాలు కనిపించకపోవడం పిల్లల్ని ఇబ్బంది పెట్టాయి. తర్వాత 0.5, 0.1, 0.01 శాతాలు పోల్చి 2012లో ప్రచురించారు. ఘాటైన చుక్కలు ఆపాక పవర్ మళ్లీ వేగంగా పెరిగింది, 0.01లో అది తక్కువ. 2019లో హాంకాంగ్ పరిశోధకులు 0.05, 0.025, 0.01 పోలిస్తే 0.05 ఎక్కువ పనిచేసింది. 2023లో అమెరికా పిల్లల మీద జరిగిన అధ్యయనంలో 0.01కీ ఉత్తి చుక్కలకీ తేడా కనిపించలేదు. కాబట్టి ఆరు నెలలకోసారి పవర్, కంటి పొడవు కొలిపించండి. ఆగకపోతే శాతం మార్చడం గురించి డాక్టర్‌ని అడగండి. రోజూ పగటి వెలుతురులో ఆరుబయట ఆడించడం మానొద్దు. 1 శాతం సీసా కొని ఇంట్లో నీళ్లు కలపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

ఇక మా దగ్గర 1 శాతం ఎక్కువగా వాడేది చిన్నపిల్లల అద్దాల పరీక్షకి, ముఖ్యంగా మెల్లకన్ను ఉన్నప్పుడు. పిల్లల కంటి కండరం బలంగా ఉంటుంది, పరీక్ష చేస్తుంటే దగ్గరికి ఫోకస్ చేసి అసలు పవర్ దాచేస్తారు. అట్రోపిన్ ఆ కండరాన్ని పూర్తిగా వదులు చేస్తుంది. సాధారణంగా ఆయింట్‌మెంట్ రాసి మూడు రోజులు వాడి రమ్మంటాం. బియ్యపుగింజంత చాలు, తల్లులు కన్ను నిండా పెట్టేస్తారు. చుక్కలైతే వేశాక ముక్కు పక్కన కంటి మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి, లేకపోతే ముక్కులోకి జారి రక్తంలో కలుస్తుంది. ముఖం ఎర్రబడటం, జ్వరం, నోరెండటం, పిల్లాడు వింతగా మాట్లాడటం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి ఫోన్ చేయాలి. జ్వరంతో ఉన్న పిల్లలకి మొదలుపెట్టొద్దు.

పరీక్ష తర్వాత రెండు వారాల దాకా దగ్గరి చూపు మసకగా ఉండొచ్చు. ఈ మాట ముందే చెప్పకపోతే కళ్లు పోయాయని తల్లిదండ్రులు పరుగెత్తుకొస్తారు. యూనిట్ టెస్టుల వారంలో ఈ పరీక్ష పెట్టించుకోవద్దు.

మందకన్నుకి బాగున్న కంట్లో అట్రోపిన్ వేసి మసక చేసి, బద్ధకించిన కన్నుతో చూడటం నేర్పే పద్ధతి కూడా ఉంది. కంటికి పట్టీ కడితే పీకేసే పిల్లలకి ఇది వరం. 2002లో అమెరికాలో పోల్చి చూస్తే పట్టీకి దాదాపు సరితూగింది.

మూలికల_అభిమాని_చిత్తూరు

ఇంత చర్చలో ఎవరూ అనలేదు, ఇది మన ఉమ్మెత్తలో ఉన్నదే కదా. పిచ్చికుక్క కరిస్తే ఉమ్మెత్తాకు బెల్లంతో ఇవ్వడం మా తాతలనాటి నుంచి ఉంది. ఉబ్బసానికి ఆకు పొగ పీల్చేవారు. సహజంగా దొరికేది వదిలి కంపెనీ ఇంజెక్షన్ ఎందుకు?

ఫిజిషియన్_వరంగల్

అయ్యా, మీ తాతలు గమనించింది అబద్ధం కాదు. ఉమ్మెత్త పొగకి గాలిగొట్టాలు వదులవుతాయి, అందులో అట్రోపిన్, స్కోపొలమైన్ రెండూ ఉన్నాయి. ఇవాళ ఉబ్బసానికి వాడే ఇప్రాట్రోపియం ఇన్‌హేలర్ ఆ కుటుంబపు మందే. 1831లో జర్మనీలో మైన్ అనే ఫార్మసిస్ట్ బెల్లడోనా వేరు నుంచి అట్రోపిన్‌ను విడదీశాక జరిగిన గొప్ప మేలు ఒకటే, ఎంత ఇస్తున్నామో తెలియడం. ఉమ్మెత్త కాయలో ఎంతుందో ఎవరికీ తెలియదు. మొక్క, నేల, కాలం, ఆకా గింజా అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

2020 ఏప్రిల్‌లో మీ చిత్తూరు జిల్లాలోనే కరోనా రాదని ఎవరో వీడియోలో చెబితే ఉమ్మెత్త గింజలు నూరుకుని తాగి పిల్లలతో సహా కుటుంబాలు ఆసుపత్రి పాలయ్యాయి. కుక్కకాటుకి ఉమ్మెత్త ఇస్తే రేబిస్ ఆగదు. గాయం సబ్బుతో పావుగంట కడిగి టీకా వేయించుకోవడం ఒక్కటే దారి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఈ ఒక్క విషయంలో మీరు మీ ఊరివాళ్లకి గట్టిగా చెప్పాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఉమ్మెత్త తిన్నవాళ్లలో కంటిపాప విచ్చుకుని, నోరు ఎండి, జ్వరంతో లేనిపోనివి కనిపిస్తున్నట్టు మాట్లాడతారు. సిస్టర్ మొదట చెప్పిన ఆ రెండో రోజు పేషెంట్‌ని గుర్తుచేసుకోండి, రెండూ ఒకటే విషం. దానికి విరుగుడు ఫైసోస్టిగ్మైన్, అది కోలినెస్టరేజ్‌ను కాసేపు ఆపే మందు. ఒకదానికొకటి విరుగుడన్న సంగతిని 19వ శతాబ్దంలోనే ఎడిన్‌బరోలో థామస్ ఫ్రేజర్ జంతువుల మీద కొలిచి చూపించారు.

మత్తుడాక్టర్_విశాఖ

ఆలస్యంగా వచ్చాను, నాలుగు మాటలు.

ఈథర్‌తో మత్తు ఇచ్చే కాలంలో ఆపరేషన్‌కి ముందు చొంగ ఆరడానికి అందరికీ అట్రోపిన్ వేసేవారు, ఇప్పుడు ఆ అలవాటు పోయింది. అయినా మా ట్రేలో అది లేకుండా కేసు మొదలుపెట్టం. మెల్లకన్ను ఆపరేషన్‌లో కంటి కండరం లాగినప్పుడు, లాప్రోస్కోపీలో పొట్టలో గ్యాస్ నింపినప్పుడు గుండె ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. ముందు సర్జన్‌ని చెయ్యి తీయమంటాం, కోలుకోకపోతే అట్రోపిన్.

గుండె నెమ్మదించి బీపీ పడిపోయిన పెద్దవాళ్లకి 1 మి.గ్రా., 3 నుంచి 5 నిమిషాలకోసారి, మొత్తం 3 మి.గ్రా. దాకా. మరీ కొంచెం వేస్తే గుండె ఇంకా నెమ్మదించొచ్చు, భయపడి సగం ఆంప్యూల్ వేయొద్దు. గుండె పూర్తిగా ఆగినప్పుడు వేసే అలవాటు మాత్రం మానేయండి, ఆగిన గుండెని మళ్లీ ఆడించే చికిత్స మీది 2010 మార్గదర్శకాల్లోనే తీసేశారు. ఈ 3 మి.గ్రా. హద్దు పురుగుమందు కేసుకి వర్తించదు. ఈ రెండింటినీ కలిపేసుకుని "3 దాటింది, ఆపేయండి" అన్నవాళ్లని విన్నాను.

పురుగుమందు పేషెంట్‌కి శ్వాస కోసం గొంతులో గొట్టం వేయాల్సి వస్తే, కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ వాడే ముందు ఆలోచించండి. దాన్ని విరిచే ఎంజైమ్‌నే విషం పట్టేసి ఉంటుంది, నిమిషాల్లో పోవాల్సిన ప్రభావం గంటలు ఉంటుంది.

పల్నాడు_సిస్టర్

అందరికీ కృతజ్ఞతలు. ఐదు గుర్తులు, అట్రోపిన్ ఎక్కువైన మూడు గుర్తులు ఒక కాగితం మీద తెలుగులో రాసి మా పీజీ డాక్టర్‌కి చూపించాను. సూపరింటెండెంట్ గారితో మాట్లాడి పాత చార్టు తీయించి ఇది పెట్టిస్తానన్నారు. ఒక్క సందేహం మిగిలింది. పామ్ ఇంజెక్షన్ అందరికీ తప్పనిసరా? బంధువులు బయట కొనుక్కురమ్మంటే అప్పు చేసి తెస్తున్నారు.

ఫిజిషియన్_వరంగల్

పామ్, అంటే ప్రాలిడాక్సిమ్, ఎంజైమ్ మీంచి విషాన్ని విడదీయాలి. కాగితం మీద గొప్పగా ఉంటుంది. 2006లో మహారాష్ట్రలోని బారామతి నుంచి ఎక్కువ మోతాదులో మేలు జరిగిందని వచ్చింది. 2009లో శ్రీలంక అధ్యయనంలో మేలు కనిపించలేదు. ఎంజైమ్‌ని విషం పట్టి చాలాసేపైతే ఆ బంధం గట్టిపడిపోతుంది, ఇక పామ్ విడదీయలేదు. త్వరగా వచ్చి, ఆసుపత్రిలో ఉచితంగా ఉంటే డాక్టర్ నిర్ణయం ప్రకారం ఇవ్వొచ్చు. బొలస్ (మొదట ఇచ్చే పెద్ద డోసు) వేగంగా తోయొద్దు, 20 నుంచి 30 నిమిషాల్లో నెమ్మదిగా వెళ్లాలి. దాని కోసం పుస్తె అమ్ముకోమని ఎవరికీ చెప్పొద్దు. ముందు అట్రోపిన్, ఆక్సిజన్, అవసరమైతే వెంటిలేటర్. ఫిట్స్ వస్తే, మరీ ఉద్రేకంగా ఉంటే డయజెపామ్.

మీ కాగితంలో ఇంకో గడి కలపండి: "ఈ షిఫ్టులో తల ఎత్తాడా?" గుంటూరు సిస్టర్ గారు చెప్పిన ఆ ప్రశ్న, అవును లేదా కాదు, టైమ్‌తో సహా.

ఐసీయూ_నర్స్_గుంటూరు

మొత్తం ఆంప్యూల్స్‌కి కూడా ఒక గడి పెట్టు చెల్లీ. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ సంతకం చేయాలి. కాగితం ఫోటో ఇక్కడ పెడితే మా వార్డులో కూడా వాడతాం.